కెప్టెన్ మెరిడియన్ వీపు మీద నంబరు

కెప్టెన్ మెరిడియన్ వీడియో గేమ్ క్యాసెట్టు వెనకవైపు ఐదు అంకెలు ఉండేవి: 42317. అది యర్రయ్య టోకెన్ నంబరు. యర్రయ్య రాయ్‌పూర్ దగ్గరి స్టీల్ ప్లాంటు మెషిన్ షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు; అక్కడ హాజరుకి ఇచ్చిన నంబరది. ఆయన ఇంట్లో ఆ నంబరు బకెట్టు మీద ఉంది, కుక్కరు మూత మీద ఉంది, మంచం కోడు మీద, సైకిలు ఫ్రేము మీద ఉంది. ప్లాంటు వాళ్ళుండే సెక్టారు క్వార్టర్లలో పెళ్ళికో వ్రతానికో ఒకరి గిన్నెలు ఇంకొకరి ఇంటికి వెళ్ళేవి. మిగతావాళ్ళు సుపేలా బజారుకి వెళ్ళి గిన్నెల మీద పేర్లు కొట్టించుకునేవారు. యర్రయ్య దగ్గర సుత్తితో కొడితే అంకె అచ్చుపడే నంబరు పంచుల పెట్టె ఉండేది.

క్యాసెట్టు తెచ్చింది ఆయన బావమరిది నరసింగరావు. విశాఖపట్నం నుంచి ఓడల మీద పనికి వెళ్ళేవాడు. 1993లో సింగపూరులో గేము పెట్టె, దానితోపాటు ఈ క్యాసెట్టు కొని మేనల్లుడికి తెచ్చాడు. మేనల్లుడు మనోజ్‌కుమార్‌కి అప్పుడు పదేళ్ళు. బొమ్మలో ఒక మనిషి భుజాల వెనక గుడ్డ ఎగరేసుకుంటూ భవనాల మీద నిలబడి ఉంటాడు. యర్రయ్య అతన్ని దుప్పటోడు అనేవాడు. క్వార్టర్ల పిల్లలు క్యాసెట్లు మార్చుకుని ఆడేవారు. ఒకసారి దుప్పటోడు వారం రోజులు కనపడలేదు. తిరిగి దొరికిన రోజు యర్రయ్య పంచులు స్టవ్ మీద వేడిచేసి, అంకెకో దెబ్బ చొప్పున వెనకవైపు నంబరు కొట్టాడు. ఆ తరువాత క్యాసెట్టు పోలేదు.

ఇప్పుడు మనోజ్‌కి సుపేలాలో మొబైల్ రిపేరు దుకాణం ఉంది. తండ్రి, భార్య నీలిమ, కూతురు సాయిప్రియలతో స్మృతి నగర్లో రెండు గదుల్లో అద్దెకుంటున్నాడు. తల్లి జోగమ్మ లేదు. యర్రయ్య రిటైర్మెంటు డబ్బు ఆమె జబ్బుకి ఖర్చయింది.

సాయిప్రియకి పుట్టుకతో చెవులు వినపడవు. మూడో ఏట ప్రభుత్వ పథకం కింద ఆపరేషన్ చేసి చెవి లోపల ఒక యంత్రం పెట్టారు. దాని రెండో భాగం చెవి వెనక తగిలించుకోవాలి. అది ఉంటేనే లోపలిది పనిచేస్తుంది. ఆ పిల్ల మాటలు నేర్చింది, మామూలు బడికి వెళ్ళింది. తొమ్మిదో ఏట, అంటే ఈ వేసవిలో, చెవి వెనక భాగం ఆగిపోయింది. రాయ్‌పూర్‌లో కంపెనీ మనిషి దాన్ని తిప్పి చూసి, మోడల్ పాతదని, విడిభాగాలు రావడం లేదని చెప్పాడు. కొత్తది మూడున్నర లక్షలు. అదీ పాతది వాపసు ఇస్తే, ఈ నెలాఖరు లోపల అయితే. తరువాత దాదాపు రెట్టింపు. ప్రభుత్వ ఆఫీసులో పథకం ఒక్కసారికేనన్నారు. నీలిమ గాజులు మొదటి యంత్రం మరమ్మతులకే పోయాయి.

వినపడకపోతే మాట నిలవదని దుర్గ్‌లో మాటలు నేర్పే మేడమ్ చెప్పింది. అది నీలిమకి ఇంట్లోనే తెలుస్తూ ఉంది. సాయిప్రియ మాటల చివరలు రాలిపోతున్నాయి. "అన్నం" అనేది "అన్న" అయింది. వాళ్ళ వీధి పేరు పలకడం మానేసి చేత్తో చూపిస్తోంది.

చేతులతో చెప్పడం యర్రయ్య మొదలుపెట్టాడు. మెషిన్ షాపులో క్రేను నడిచేటప్పుడు మాట వినపడదు. కింద నిలబడ్డవాడు పైనున్న క్రేను డ్రైవరుకి చేతులతో చెబుతాడు. వేలు పైకి తిప్పితే ఎత్తమని. అరచెయ్యి కిందికి ఊపితే దించమని. రెండు చేతులూ పొట్ట ముందు కలిపి పట్టుకుంటే ఎక్కడిదక్కడ ఆపమని. అప్పుడు డ్రైవరు లివరు ముట్టుకోడు. కింది మనిషి చేతులు విడదీసి ఇంకో సైగ చేసేదాకా లోడు గాల్లోనే వేలాడుతుంది. యర్రయ్య ఈ సైగలు మనవరాలికి నేర్పాడు. పొద్దున్న ఆమెని లేపాలంటే మంచం కోడు మీద కొట్టి వేలు పైకి తిప్పేవాడు. ఆమె ఎక్కువ నవ్వేది ఆ మూడో సైగకే. తాత స్నానానికి వెళ్తుంటే ఎదురు నిలబడి పొట్ట ముందు చేతులు కలిపేది. యర్రయ్య తువ్వాలు భుజాన వేసుకుని, ఒక కాలు లేపి అలాగే ఆగిపోయేవాడు.

క్యాసెట్టుకి విలువ ఉందని మనోజ్‌కి దుకాణంలో తెలిసింది. ఫోను బాగుచేయించుకోవడానికి వచ్చిన ఇంజనీరింగ్ కుర్రాడొకడు విదేశంలో జరిగిన వేలం వీడియో చూస్తున్నాడు. తెర మీద దుప్పటోడు ఉన్నాడు. కెప్టెన్ మెరిడియన్ మొదటి విడతలో బొమ్మ మీద గుడ్డ పొరపాటున ఆకుపచ్చ రంగు పడింది. కంపెనీ వాటిని వెనక్కి తెప్పించుకుని ఎర్రరంగు వేసి మళ్ళీ వదిలింది. పచ్చగుడ్డవి కొన్నే మిగిలాయి. మనోజ్ షట్టరు సగం దించి ఇంటికి వచ్చాడు. అటక మీద రేకు పెట్టె తీశాడు. గుడ్డ పచ్చగా ఉంది.

ఫొటోలు తీసి పాత గేములు సేకరించేవాళ్ళ గ్రూపులో పెట్టాడు. హైదరాబాదు నుంచి విక్రమ్ అనే అతను ఫోను చేశాడు. అట్టపెట్టె ఉందా అని అడిగాడు. లేదు. ఎప్పుడైనా విప్పారా అని అడిగాడు. లేదు. వెనక నంబరు ఏమిటన్నాడు. మనోజ్ చెప్పాడు. విక్రమ్ ఫొటో మళ్ళీ చూసి లెక్క వేసుకున్నాడు. నంబరు లేకపోతే ఐదు లక్షలిచ్చేవాణ్ణని, ఉంది కాబట్టి నాలుగిస్తానని, ఫొటోలో ఉన్నది ఉన్నట్టు ఉండాలని అన్నాడు. ఆదివారం స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. "అప్పటిదాకా దాన్ని ముట్టుకోకండి. గుడ్డతో కూడా తుడవకండి. మురికి ఉంటే ఉండనివ్వండి" అన్నాడు.

ఇది గురువారం. రాత్రి భోజనాల దగ్గర మనోజ్ నాలుగు లక్షల సంగతి చెప్పాడు. నీలిమ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. రాయ్‌పూర్ ఎప్పుడు వెళ్దామంది. సోమవారం అన్నాడు. సాయిప్రియ చెవి వెనక వేలు పెట్టి తండ్రి వైపు చూసింది. మనోజ్ తల ఊపాడు. ఆ పిల్ల కంచం ముందు నుంచి లేచి గది చుట్టూ పరిగెత్తి మళ్ళీ కూర్చుంది.

మనోజ్ అక్కడితో ఆపలేదు. తండ్రితో వేళాకోళంగానే మొదలుపెట్టాడు.

"ఐదిచ్చేవోడట నాన్నా. నీ నంబరు చూసి నాలుగన్నాడు. ఒక్కో అంకె ఇరవై వేలు పడ్డాది."

యర్రయ్య నవ్వలేదు. "అది కొట్టబట్టే కదరా ఇంట్లో ఉన్నాది" అన్నాడు.

"ఉన్నాది, ఉన్నాది. లచ్చ రూపాయలు తక్కువతో ఉన్నాది. బకెట్టుకి, కేసెట్టుకి తేడా తెలీదా నీకు? సబ్ పే ఠప్పా మార్ దియా. అన్నిటి మీదా ముద్ర కొట్టీసినావు."

నీలిమ ఇక చాలంది. యర్రయ్య చెయ్యి కడుక్కుని లేచాడు. ముట్టుకోవద్దని విక్రమ్ అన్న మాట మనోజ్ ఆ పూట చెప్పలేదు. తరువాత కూడా చెప్పలేదు. చెప్పాల్సిన పని ఉందని అతనికి తోచలేదు. ఇంట్లో క్యాసెట్టు ముట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు.

శనివారం మనోజ్ దుకాణంలో ఉన్నాడు. నీలిమ కూతుర్ని తీసుకుని దుర్గ్ వెళ్ళింది. యర్రయ్య పెరటి గుమ్మంలో గోనెపట్టా పరుచుకుని, రేకు పెట్టె దింపి క్యాసెట్టు తీశాడు. మెషిన్ షాపులో ఉద్యోగమంతా ఆయన చేసిన పని ఇదే. గీత పడ్డ షాఫ్టు, నొక్కు పడ్డ బేరింగు తొడుగు ఆయన బల్ల మీదికి వస్తే గీత లేకుండా వెళ్ళేవి. ఎక్కడ బాగుచేశారో ఇన్‌స్పెక్టరు వేలితో తడిమినా తెలియకూడదు. అదే ఫినిషింగు.

ముందు సన్న ఆకురాయితో అంకెల అంచులు దించాడు. తరువాత ఎమరీ పేపరు నీళ్ళలో తడిపి రుద్దాడు, ముతకది, ఆపైన దానికంటే నున్నది, ఆపైన ఇంకా నున్నది. అంకెలు పోయిన చోట ప్లాస్టిక్ తెల్లగా తేలింది, చుట్టూ ముప్పై ఏళ్ళ పసుపు. రంగు కలవడం కోసం వెనకవైపంతా రుద్దాడు. ఇత్తడి సామాన్లు తోమే పాలిష్ దూదితో పట్టించాడు. ముందు వైపు కాగితం బొమ్మ మీద చుక్క పడకుండా దానికి ప్లాస్టిక్ సంచి చుట్టాడు. సాయంత్రానికి వెనక డొప్ప కొత్తదానిలా ఉంది.

మనోజ్ దుకాణం కట్టి వచ్చేసరికి యర్రయ్య స్నానం చేసి చొక్కా వేసుకుని కూర్చున్నాడు. క్యాసెట్టుని తువ్వాల్లోంచి తీసి కొడుకు చేతికిచ్చాడు.

"చూడరా. నీ లచ్చ నీకు వచ్చీసింది."

మనోజ్ దాన్ని తిప్పి చూశాడు. బొటనవేలితో తడిమాడు. నేల మీద కూర్చున్నాడు. కొడుకు మెచ్చుకుంటాడని యర్రయ్య ఎదురుచూశాడు.

"ఏటి నాన్నా ఇది" అన్నాడు మనోజ్. గొంతు పెంచలేదు. "ముట్టుకోవద్దన్నాడు నాన్నా. తుడవొద్దని కూడా అన్నాడు."

"నాకు చెప్పినావా?"

మనోజ్ క్యాసెట్టుని మళ్ళీ తిప్పాడు.

నీలిమ అతని చేతిలోంచి తీసుకుని చూసింది. ఫోనులో పాత ఫొటో పక్కన పెట్టింది. రెండూ ఒక వస్తువులా లేవు. విక్రమ్‌కి ఫోను చేసి జరిగింది చెప్పెయ్యమంది. చెబితే రాడన్నాడు మనోజ్. వచ్చి చూసినా తెలుస్తుంది కదా అంది. యర్రయ్య మంచం కింద నుంచి పంచుల పెట్టె లాగాడు. పంచులు అవే, చెయ్యి అదే, నంబరు అదే, మళ్ళీ కొడతానన్నాడు. ఫొటో చూసి ఏ అంకె ఎక్కడుంటే అక్కడే వేస్తానన్నాడు.

నీలిమ భర్త వైపు చూసింది. మనోజ్ వద్దనలేదు.

ఆదివారం పొద్దున్న పని మొదలుపెట్టారు. మనోజ్ ఫోను తెర మీద ఫొటో పెద్దది చేసి పట్టుకున్నాడు. యర్రయ్య అంకెల మధ్య దూరం కాగితం ముక్క మీద గుర్తు పెట్టుకున్నాడు. పంచులు గ్యాసు మంట మీద వేడిచేశాడు. మొదటిసారి కొట్టినప్పుడు ఒకటి అంకె పక్కకి వాలింది. ఇప్పుడూ అలాగే వాల్చాడు. ప్లాస్టిక్ ఎండి ఉంటుందని దెబ్బ తగ్గించాడు. పగలలేదు. నీలిమ టీ డికాషన్ చిక్కగా కాచి దూదితో వెనకవైపు అద్దింది. ఆరాక మళ్ళీ అద్దింది. పసుపు కొంత వచ్చింది. సాయిప్రియ బడి యూనిఫారం వేసుకుని ఇదంతా చూస్తూ ఉంది. ఆదివారం యూనిఫారం ఎందుకని ఎవరూ అడగలేదు. కొత్త యంత్రం వచ్చాక వెళ్ళేది బడికేనని ఆ పిల్లకి తెలుసు.

విక్రమ్ పదకొండు దాటాక రాయ్‌పూర్ విమానాశ్రయం నుంచి టాక్సీలో వచ్చాడు. నలభై లోపు మనిషి. చెప్పులు బయట విప్పాడు. నీలిమ ఇచ్చిన మంచినీళ్ళు తాగాడు. దార్లో చరోదా దగ్గర రైల్వే గేటు పడి ఆలస్యమైందన్నాడు. బల్ల మీద నల్లగుడ్డ పరిచి, చేతులకి తొడుగులు వేసుకుని, చిన్న దీపం, భూతద్దం తీశాడు.

ముందు వైపు చాలాసేపు చూశాడు. పచ్చగుడ్డ చూసి తనలో తాను ఏదో అనుకున్నాడు. మనోజ్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నీలిమ వంటగది గుమ్మంలో ఉంది. విక్రమ్ క్యాసెట్టు తిప్పాడు. నంబరు ఫొటోతో పోల్చాడు. ఐదు అంకెలూ సరిపోయాయి. వాలిన ఒకటి అంకె కూడా సరిపోయింది. తల ఊపాడు. మనోజ్ ఊపిరి వదిలాడు.

అప్పుడు విక్రమ్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. దూదితో ఒక మూల ఒత్తాడు. దూదికి టీ రంగు అంటింది.

"ఇది ఎవరు ముట్టుకున్నారు మనోజ్ గారూ?" అన్నాడు.

మనోజ్ నోరు తెరిచాడు. మంచం మీద నుంచి యర్రయ్య లేచాడు.

"నానే బాబూ" అన్నాడు. ఆకురాయి నుంచి డికాషన్ దాకా ఒక పని తరువాత ఒక పనిగా అంతా చెప్పాడు. షిఫ్టు దిగేటప్పుడు ఫోర్‌మన్‌కి చెప్పినట్టు చెప్పాడు. డికాషన్ కూడా తానే అద్దానన్నాడు. నీలిమ అది విని తల దించుకుంది.

విక్రమ్ మధ్యలో అడ్డు రాలేదు. అయ్యాక తొడుగులు విప్పాడు. నంబరు ఉన్నందుకు తనకి ఇబ్బంది లేదన్నాడు. ఎవరి చేతిలో ఉందో, ఎక్కడ ఉందో ఆ నంబరు చెప్పేదని, దాన్ని అలాగే ఒప్పుకునేవాళ్ళు ఉన్నారని అన్నాడు. అరగదీసి మళ్ళీ కొట్టినదాన్ని ఎవరూ ఒప్పుకోరన్నాడు. డొప్ప మార్చారంటారు, బొమ్మ కూడా దొంగదంటారు. తాను కొనేది తనకోసం కాదని, ముంబయిలో ఒకాయన కోసమని, ఆయన దీన్ని దీపం కింద పెట్టి పరీక్ష చేయిస్తాడని చెప్పాడు.

"ఇంకో సంగతి అంకుల్" అన్నాడు యర్రయ్యతో. "పని బాగా చేశారు. వాసన లేకపోతే నాకు తెలిసేది కాదు."

యర్రయ్య కూర్చున్నాడు.

మనోజ్ మూడున్నర అన్నాడు. విక్రమ్ తల అడ్డంగా ఊపాడు. మనోజ్ మూడు అన్నాడు. అప్పుడు, అనుకోకుండానే, కూతురి సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. నెలాఖరు గడువు చెప్పాడు, రాయ్‌పూర్ కంపెనీ మనిషి మాట చెప్పాడు. సాయిప్రియని లోపలి గదిలోంచి భుజం పట్టి తీసుకొచ్చి విక్రమ్ ముందు నిలబెట్టి, జుట్టు పక్కకి తీసి చెవి వెనక చూపించాడు. అక్కడ ఏమీ లేదు. జుట్టు కింద గీత మాత్రం ఉంది.

"దుకానమే రాసిస్తాను భయ్యా. ఉత్తినే ఇమ్మనడం లేదు. దీన్ని మూడుకి తీసుకో. తరవాత తక్కువకి పోతే ఆ తేడా నాను తీరుస్తాను."

"మనోజ్" అంది నీలిమ.

సాయిప్రియ తండ్రి చేతిలోంచి తల విడిపించుకుని జుట్టు సర్దుకుంది.

విక్రమ్ ఆ పిల్ల వైపు చూసి, నేల వైపు చూశాడు. తన చేతిలో ఉన్నది వేరేవాళ్ళ డబ్బని అన్నాడు. తరువాత, విప్పి చూడనిస్తారా అని అడిగాడు. యర్రయ్యే మరలు విప్పాడు. లోపలి బోర్డు సరైనదే. ముందు డొప్పకి, దాని మీది బొమ్మకి, బోర్డుకి కలిపి అరవై వేలిస్తానన్నాడు విక్రమ్. ఇంతకంటే ఇవ్వలేనని, వేరేవాళ్ళనైనా అడిగి చూడమని, తనకి అభ్యంతరం లేదని అన్నాడు. కానీ వాళ్ళు అడిగితే తాను నిజమే చెప్పాలన్నాడు.

మనోజ్ నీలిమ వైపు చూశాడు. అతను సరే అన్నాడు.

విక్రమ్ ఫోనులో డబ్బు పంపాడు. మనోజ్ జేబులో ఫోను ఒకసారి మోగింది. విక్రమ్ ముందు డొప్పని, బోర్డుని వేరువేరుగా చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. వెనక డొప్పని బల్ల మీదే వదిలాడు. వెళ్ళేటప్పుడు యర్రయ్యకి నమస్కారం పెట్టాడు. యర్రయ్య చేతులు ఎత్తాడు గాని కలపలేదు. టాక్సీ తిరిగి రోడ్డెక్కేదాకా మనోజ్ గుమ్మంలో నిలబడి లోపలికి వచ్చాడు.

యర్రయ్య బల్ల మీది డొప్ప తీసుకుని అంకెల మీద బొటనవేలు పెట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వు అన్నప్పుడు నాను ఊరుకోవల్సింది" అన్నాడు.

"నాను అనకుండా ఉండాల్సింది" అన్నాడు మనోజ్.

నీలిమ క్యాలెండరు ముందు నిలబడి ఉంది. పదకొండు రోజులు మిగిలాయి. రాయ్‌పూర్‌కి ఫోను చేసి వాయిదాలిస్తారేమో అడగమంది. ముందే అడిగామని మనోజ్ గుర్తుచేశాడు. మళ్ళీ అడుగు అంది. ఆదివారం ఎవరూ ఎత్తరన్నాడు. అయినా ఫోను చేశాడు. అవతల మోగి మోగి ఆగిపోయింది. ఆ మోత గదిలో ముగ్గురికి వినపడింది.

సాయిప్రియ తల్లి ముఖం చూసింది, తాత ముఖం చూసింది. వెళ్ళి బడి బూట్లు వేసుకుని వచ్చింది. తండ్రి ఎదుట నిలబడి చెవి వెనక వేలు పెట్టింది.

"ఎప్పు?" అంది.

మనోజ్ ఫోను బల్ల మీద పెట్టాడు. జవాబు కోసం ఆ పిల్ల అతని పెదవుల వైపు చూస్తోంది. అతను పెదవులు కదపలేదు. రెండు చేతులూ పొట్ట ముందుకి తెచ్చి కలిపి పట్టుకున్నాడు.

సాయిప్రియ నవ్వలేదు. చెవి వెనక వేలు తియ్యకుండా అలాగే ఆగిపోయింది. తండ్రి చేతులు విడదీస్తాడని చూస్తూ నిలబడింది.